గాల్లో ఆగిన బిస్కెట్

ముందు సీటు పెద్దమనిషి ఆవలింతకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఓ పిల్లాడి చేతిలోంచి జారిన బిస్కెట్ నేల చేరకుండా గాల్లోనే ఆగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నం వస్తున్న ఆ విమానంలో కదిలే ప్రాణి ముత్యాలనాయుడు ఒక్కడే. పక్క సీట్లో భార్య సత్యవేణి కూడా బొమ్మలా ఉంది. "ఏవండీ, నేనింక మీతో..." అన్నంతలో యంత్రం ఆన్ అయింది.

ఇక రెండు గంటలదాకా ఆ మాట పూర్తికాదు.

నాయుడు డాబాగార్డెన్స్‌లో టీవీలు బాగుచేసుకునే మనిషి. చదివింది పదో తరగతి, అదీ రెండు దండయాత్రల్లో. "నాకు సైన్సు రాదు గనకే ఇది కుదరదని నాకెవరూ చెప్పలేదు" అనేవాడు.

యంత్రం సంగతి తేలికే. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య పన్నెండు వందల కిలోమీటర్ల దూరం అంగుళం కూడా తగ్గదు. పట్టే రెండు గంటలూ ఎక్కడికీ పోవు. కాకపోతే అందరి బదులూ ఒక్కడు గడిపితే చాలు. మిగతావాళ్ళకూ, బయటి గడియారాలకూ రెప్పపాటే.

పోర్ట్ బ్లెయిర్ బళ్ళో టీచరైన భార్యతో రోజూ రాత్రి భోంచేయాలని చేశాడు దాన్ని. విమానాల కంపెనీ ఎగిరి గంతేసి, పొద్దస్తమానం ట్రిప్పులు వేసింది. ఆ గడిపేవాడు నాయుడే కావాలి. యంత్రాన్ని తన నాడికే కట్టేసుకున్నాడు మరి. పైగా ఎవడో కాపీ కొడతాడని, రిపేరు కొట్టు అలవాటుకొద్దీ, చిప్పుల మీది నంబర్లన్నీ గరుకు కాగితంతో రుద్దేశాడు.

"ఇది ఏ చిప్పు, నాయుడుగారూ? చెబితే ఇంకోటి చేసి మిమ్మల్ని వదిలేస్తాం" అని కంపెనీ సైంటిస్టు డాక్టర్ శర్వాణి బతిమాలింది.

"ఎవరికీ తెలీకూడదని రుద్దానమ్మా. ఆ ఎవరిలో నేనూ ఉన్నానని అప్పుడు తోచలేదు."

ఆ గంటలన్నీ తన వయసులోనే కలిసి, మూడేళ్ళలో తల ముగ్గుబుట్టయింది. రాత్రి కంచం ముందు కూర్చోగానే కునుకు. ముద్ద చేతిలోనే ఉండేది.

ఇప్పుడు భార్య ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేనింక మీతో... ఏమిటి? కాపురం చేయలేననా? ఆమె జడలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. క్షమించమని ఒకసారి, కోపంగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి, జవాబులన్నీ ఆ తెరిచిన పెదాలకే అప్పజెప్పాడు. ఎవరూ వినలేదు.

బిస్కెట్ కింద పడింది.

"...విమానం ఎక్కనండీ. తిరుగు ప్రయాణానికి ఓడకి రెండు టికెట్లు తీశాను. మూడు రోజులు పడుతుందట. హాయిగా మాట్లాడుకోవచ్చు."

నాయుడు కిటికీ వైపు తిరిగాడు. బయట విశాఖ ఎయిర్‌పోర్టులో తర్వాతి ట్రిప్పు జనం అప్పుడే మెట్ల దగ్గర బారులు తీరి ఉన్నారు. సత్యవేణీ చూసింది. ఆయన్ని నడవలోకి లేపి, ఒక టికెట్టు జేబులో పెట్టి, చెయ్యి తీయకుండా నిలబడింది.

ముందు సీటు పెద్దమనిషి ఆవలింత ముగించి లేచాడు.

"అమ్మా, మీ నాన్నగారిని కాస్త పక్కకు జరగమనండి. మాకు టైం లేదు."