అడుగు పడని చేను

మధ్యాహ్న విరామం ముగిసిందని కూత వినబడగానే హైమావతి కంపనకడ్డీలను మళ్లీ నడిపించింది. ఆశ్వయుజ మాసం, వరి పొట్టకొచ్చింది. సుడిదోమ విజృంభించే రోజులివి.

మగదోమ వరి కాండాన్ని సన్నగా అదిరించి ఆడదోమను పిలుస్తుంది. దుబ్బుల మధ్య పాతిన కడ్డీలు అవే పిలుపులను దొంగతనంగా అన్ని వైపుల నుంచీ పంపుతాయి. ఎవరెక్కడున్నారో తేలక దోమలు జతకట్టకుండానే చచ్చిపోతాయి. ఆ ఊళ్లో పురుగుమందు వాసన ఎలా ఉంటుందో కుర్రకారుకి తెలియదు. ఆ సుఖానికి ఒక్కటే కట్టుబాటు: కడ్డీలు నడుస్తున్నంతసేపూ చేలో అడుగు పెట్టకూడదు. అడుగుల అదురుకు దొంగ పిలుపు చెదిరితే ఆయకట్టంతా సుడులు సుడులుగా మాడిపోతుంది. ఈ భయాన్ని ఊరు తన పిల్లలకు ఉగ్గుపాలతోనే పట్టింది.

చేలో అడుగుల అదురును చూపించే తెర మీద ఎక్కడా అలికిడి లేదు. అంతలో మహలక్ష్మి ఫోన్ చేసింది.

"హైమమ్మగారూ, వంగిన కడ్డీ సరిచేసొత్తానని విరామంలో దిగారండి మా ఆయన. ఇంకా గట్టెక్కలేదండి."

"చేలో అడుగుల జాడే లేదు మహలక్ష్మీ. ఎటో వెళ్లుంటాడు."

"ఎటెళ్తారండీ? చెప్పులు గట్టు మీదే ఉన్నాయి!"

హైమావతి అంబులెన్సుకు కబురుపెట్టి బండి మీద వచ్చేసరికి గట్టు నిండా జనం. నాలుగు బారల దూరంలో దుబ్బుల మధ్య మహలక్ష్మి భర్త బుల్లెబ్బాయి పడి ఉన్నాడు. కాలు వాచి నల్లబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"చూస్తారేంటయ్యా? కడ్డీలు ఆపేసే వచ్చాను, దిగండి!"

ఎవరూ దిగలేదు. వాళ్లేమీ రాతిమనుషులు కారు. ఏడుస్తున్నారు, దేవుడికి మొక్కుకుంటున్నారు. లేచిన కాలు మాత్రం మళ్లీ గట్టు మీదే ఆనుతోంది. హైమావతికి ఒళ్లు మండిపోయింది. తానే బురదలోకి దూకి అతని తల ఒళ్లోకి తీసుకుంది.

"పాము కరిసిందమ్మా," అన్నాడతను పెదాలు కదిపీ కదపకుండా. "అప్పటికే కూత కూసేసింది. అందుకని కదల్లేదు."

"కేకైనా వెయ్యొచ్చు కదయ్యా!"

"కేకేత్తే మా మహలక్ష్మి ఆగలేదమ్మా. చేలోకి దిగిపోద్ది."

హైమావతి తలెత్తి చూసింది. మహలక్ష్మి ఆ మాట వింది. ఆమె ఇంకా గట్టు మీదే ఉంది.