అమ్మాయి కార్డు

ఆ ఇంటాయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఇంట్లో ఏ వస్తువు ఎవరిదో ఆయనకు పట్టదు. వినడానికి గొప్ప గుణంలాగే ఉంటుంది, కాపురం చేసేవాళ్లకు తెలుస్తుంది దాని సంగతి. పెళ్లాం కళ్లజోడు పెట్టుకుని పేపరు చదివేస్తాడు. కూతురి తువ్వాలుతో తల తుడుచుకుంటాడు. ఎవరి ఫోను మోగినా తనే "హలో" అంటాడు. టూత్‌బ్రష్‌లు మాత్రం ఆయన బారిన పడలేదు. అది ఆయన మంచితనం కాదు, ఇల్లాలు వాటిని దాచిపెట్టిన పుణ్యం.

లిఫ్టులకు బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీకి ఆయన మేనేజరు. కూతురు అక్కడే పరీక్షల గదిలో ఇంజినీరు. తండ్రి చేయించిన బ్రేకుల్ని ఆమె పరీక్షించి, తన ఆఫీసు కార్డు మెషిన్‌కి ఆనిస్తేనే అవి గేటు దాటుతాయి. తయారుచేసిన చెయ్యే సరే అనకూడదని అక్కడి నియమం. అందుకే ఆమెకు పై అధికారి తండ్రి కాదు, హెడ్డాఫీసు. ఇంట్లో మాత్రం అలాంటి నియమాలేవీ లేవు. కాఫీ పెట్టేదీ, రుచి చూసేదీ, బాగా లేకపోతే మాట పడేదీ ఇల్లాలొక్కతే.

ఆ ఉదయం ఆ కాఫీ ఎవరూ ముట్టకుండానే చల్లారిపోయేలా ఉంది. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మొన్న నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నా ఆఫీసు బ్యాగు ఎవరు తీశారు?"

"నేనే. మీ నాన్న భోజనానికొచ్చి నీ కార్డు ఇమ్మంటే తీసిచ్చాను. ఏం, పోయిందా?"

"కార్డు పోలేదు, నా పరువు పోయింది. నేను ఆపేసిన బ్రేకులు నా కార్డుతో పాసై లారీ ఎక్కాయి. అప్పుడు నేను డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చునున్నాను."

ఇల్లాలి చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్లజోడు అడిగినట్టే అడిగాడాయన. కళ్లజోడు ఇచ్చినట్టే ఇచ్చేసింది తను.

"ఎందుకు ఆపావు?"

"కొన్నింట్లో పట్టు జారింది. ఇంకోసారి వేడి మీద పరీక్షించాలని పక్కన పెట్టించాను. నిన్న చూస్తే ఆ చోటు ఖాళీ. లారీని దారిలోంచి వెనక్కి పిలిపించాను. హెడ్డాఫీసుకి రాశాను. విచారణ చేసే ఆయన ఇవాళ వస్తున్నాడు."

ఇంటాయన గదిలోంచి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదని మొహమే చెబుతోంది.

"కన్నతండ్రి మీద చాడీలు చెప్పావన్నమాట!"

"చాడీలు చాటుగా చెబుతారు నాన్నా. నేను నీకు చెప్పే రాశాను."

"ఆ బ్రేకులకేం రోగం లేదు. జారింది నీ మెషినే. నేను స్వయంగా నడిపి చూశాను. నువ్వు పుట్టకముందు నుంచీ బ్రేకులు చేస్తున్నాను. పద, కావాలంటే ఆ లిఫ్టు నేనే ఎక్కుతాను, ఇప్పుడే!"

"నువ్వు ఎక్కుతావు నాన్నా, నాకు తెలుసు. మిగతావాళ్ల సంగతో? వాళ్లకి నువ్వెవరో తెలీదు. నీ పనిని ఇంకొకరు చూశారన్న ధైర్యంతో ఎక్కుతారు. బ్రేకులు బాగానే ఉన్నాయేమో. కానీ నేను చూశానని రికార్డులో ఉంది, నేను చూడలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిందంటే బేరం మొదలైందని ఇల్లాలికి తెలుసు.

"సరేనమ్మా, అయిందేదో అయింది. వచ్చేవాడితో ఒక్క మాట చెప్పు. నాన్న ఫోన్ చేస్తే నేనే సరేనన్నాను, కార్డు నేనే వాడమన్నాను అని. వాడి దారిన వాడు పోతాడు. నా కుర్చీ నాకు మిగులుతుంది."

"నాకేం మిగులుతుంది?"

"నిన్నెవరేమంటారు? నా కూతురివి."

"అనేది అదే! నీ కూతుర్ని గనకే నాకు ఆ గది ఇచ్చారంటున్నారు. ఈ ఒక్క మాట నా నోట్లోంచి వస్తే ఇన్నాళ్లూ నేను పాస్ చేసినవన్నీ నువ్వు చేసినట్టే లెక్క. నా ఉద్యోగం పీకేస్తే పీకేయనీ. నేను మాత్రం ఆ మాట అనను."

"అంటే నన్ను నడివీధిలో నిలబెడతావు?"

"నిజం చెబుతాను. ఎక్కడ నిలబడాలో నువ్వే చూసుకో."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే. నీ మాట వింటుంది."

ఇన్నేళ్ల కాపురంలో ఇలాంటప్పుడు ఆవిడ "పోనీలెండి" అనేది. ఆ మాటతో ఎన్నో గొడవలు చల్లారాయి. చాలావరకు ఆయనకు అనుకూలంగానే చల్లారాయి. ఇవాళ ఆవిడ పొయ్యి కట్టేసింది.

"చెబుతాను. దానికి కాదు, ఆ వచ్చేవాడికి. బ్యాగులోంచి కార్డు తీసిచ్చింది నేనేనని."

"మతి పోయిందా? నిన్నెవరడిగారు?"

"నన్నెవరూ అడగరనే ధైర్యంతోనే కదా మీరు కార్డు అడిగింది!"

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ సందివ్వలేదు.

"దీనికి ఈ ఉద్యోగం వచ్చిన రోజు మీరు మంగలి షాపుకి వెళ్లారు. పొద్దున్నే గీసుకున్న గడ్డం మళ్లీ గీయించుకుంటూ ఊరందరికీ చెప్పారు, 'నేను చేసినా సరే, బాగా లేకపోతే మా అమ్మాయి ఆపేస్తుంది' అని. ఆ షాపువాడే నాకు చెప్పాడు. ఆపింది కదండీ మరి! మీరు గొప్పగా చెప్పుకున్న పనే చేసింది. ఇప్పుడు దొంగలా దాని బ్యాగు మీద చెయ్యి వేశారు. నా చేత వేయించారు."

దొంగ అన్న మాట ఆ ఇంట్లో ఆయన్ని అంతవరకూ ఎవరూ అనలేదు. చివాలున లేచాడు. ఆవిడ కదలలేదు. కూతురు తండ్రినే చూస్తోంది. కళ్లనిండా నీళ్లున్నాయి గానీ గడ్డం పైకెత్తే ఉంచింది. అచ్చం తండ్రి మొండితనమే.

ఆయన ఫోన్ తీసుకున్నాడు. ఈసారి తన ఫోనే.

"సార్, మేనేజర్ని మాట్లాడుతున్నాను. మీరు బయల్దేరారా? ఆ కార్డు సంగతి... ఇంట్లో కార్డులు కలిసిపోయి..."

ఆగాడు. కూతురు బ్యాగు భుజాన వేసుకుని వాకిట్లోకి నడిచింది.

"కాదు సార్, కలిసిపోలేదు. తెలిసే వాడాను. అమ్మాయికి చెప్పలేదు. సరుకు ఆలస్యమవుతుందని తొందరపడ్డాను. మా ఆవిడకీ ఎందుకో తెలీదు. ఇదంతా మీ ఎదుట కూడా చెబుతాను. మీరు నన్నేం చేసినా సరే సార్."

ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్లాడు. స్కూటర్ పక్కన వెనక్కి తిరగకుండా నిలబడి ఉంది కూతురు.

పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "నీ పనే సరైంది. నేనే తప్పు చేశాను."