టన్నెల్‌లో నాలుగు నిమిషాలు

కంట్రోల్ రూమ్ ఇంజనీర్‌ని కుర్చీలోనే కాల్చి చంపారు. ప్రాణం పోయేముందు అతను హెడ్‌క్వార్టర్స్‌కి ఫోన్‌లో చెప్పగలిగింది ఒక్క ముక్కే: "కంప్యూటర్ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది."

పెద్దాయన బ్రీఫింగ్ కూడా క్లుప్తంగానే సాగింది.

"టన్నెల్ వెడల్పు చెయ్యడానికి పదకొండుకి కొండని పేల్చేది ఆ కంప్యూటరే. శత్రువుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన సైంటిస్టు కారు ఆ టన్నెల్‌లోనే ఉంది. పదీ యాభై ఎనిమిదికి బయటపడుతుంది. లోపల ఫోన్లు పనిచెయ్యవు."

"డ్రైవర్ ఎవరు సార్?"

"మీ తమ్ముడయ్యా."

ఏజెంట్ ముంగిస అప్పటికే తలుపు దాటాడు.

ఏసీ మెకానిక్ వేషంలో అతను కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి చేతి వాచీలో 10:53. స్క్రీన్ మీద 10:57. శవం పక్కనే నిలబడి ఉంది అక్కడ కంప్యూటర్ కన్సల్టెంట్‌గా చేరినావిడ, చెవులకి ముత్యాలు, చేతిలో పిస్టల్. శత్రు ముఠాలో మన మనిషి ఆమె. అలాగని మనం నమ్మాం!

టూల్‌బాక్స్ విసిరాడు. పిస్టల్ ఎగిరిపడింది. ఆమెని పైపుకి బేడీలతో బిగించాడు.

"పేలుడు ఆపే తాళంచెవి ఏది?"

"నదిలో ఉంది, వెతుక్కో. కంప్యూటర్ టైమెంతని నాలుగు టైమ్ సర్వర్లని అడుగుతుంది, ఎక్కువమంది చెప్పిందే నమ్ముతుంది. నేను చెడగొట్టింది ఒక్కదాన్నే. మిగతాది మీవాళ్ళే చేసిపెట్టారు."

శవమున్న కుర్చీని పక్కకి జరిపి, సర్వర్ల లిస్టు తెరిచాడు. ఒళ్ళు మండిపోయింది. ఇన్‌స్పెక్షన్‌లో నాలుగు సర్వర్లు చూపించాలన్నారని, ఆఫీసువాళ్ళు ఒకే మెషీన్‌కి మూడు పేర్లు తగిలించి తూతూమంత్రంగా కానిచ్చేశారు. ఆమె ఆ మెషీన్‌ని వారం నుంచి కొద్దికొద్దిగా ముందుకి జరిపింది. ఒక్కసారిగా జరిపితే కంప్యూటర్ అనుమానించేది. నాలుగో సర్వర్ ఒక్కటే నిజం చెబుతోంది, దాని మాట వినే దిక్కు లేదు.

ఆ మూడు పేర్లూ కొట్టేశాడు. టైమ్ సర్వీస్ రీస్టార్ట్. వేళ్ళు తడబడి కమాండ్ తప్పు పడింది. స్క్రీన్ మీద 10:59:41. అమ్మకి ఏమని చెప్పాలి? మళ్ళీ కొట్టాడు. 10:59:57. ఎంటర్.

స్క్రీన్ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత 10:55:58.

ముంగిస నేలమీద చతికిలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు. ఆమె మొహం తిప్పుకుంది.

కాసేపటికి దూరంగా కొండ దద్దరిల్లింది. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"అన్నయ్యా, బయటపడ్డాం! వెనకాల సరిగ్గా పదకొండు కొట్టగానే పేల్చారు. పోన్లే, మన ఆఫీసుల్లో కూడా టైమ్ పాటించేవాళ్ళు ఉన్నారన్నమాట!"