ఆరో నీలం గ్లాసు

పాలు పొయ్యి మీద ఉండగానే పెద్దావిడ ఐదు నీలం గ్లాసుల్ని తువాల్లో చుట్టి సంచిలో పెట్టింది. ఆరోది నిన్న కోడలి చేతిలోంచి జారి ముక్కలైంది. అప్పటినుంచి ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడుకుంటున్నాయి.

“నమూనాకి ఒకటి చాలదా అత్తయ్యా?”

“నీకు చాలుతుంది. నేను కొత్తదాన్ని ఐదింటి పక్కనా నిలబెట్టి చూడాలి. మా అత్తగారు నా చేతిలో పెట్టినవి. ముప్పై ఏళ్లు కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాను.”

“సరే, వెతుకుదాం. దొరక్కపోతే మాత్రం సాయంత్రం బస్సుకి మా అమ్మ దగ్గరికి పోతాను. మళ్లీ ఎప్పుడొస్తావని అడక్కండి. గ్లాసుకున్న పాటి విలువ నాకు లేదని నిన్ననే తెలిసింది.”

పెట్టె అప్పటికే గుమ్మం దగ్గరుంది. పెద్దావిడ చూపు దాని మీదే ఆగింది. ఆమె ఆడపడుచు ఒకతి ఒకప్పుడు అలాగే పెట్టెతో గడప దాటి మళ్లీ రాలేదు. అయినా నోరు తగ్గలేదు.

“బెదిరిస్తున్నావా?”

చేతిపనుల దుకాణాలు రెండు తిరిగారు. ఒకచోట రంగు ముదురు, ఇంకోచోట అంచు మందం. మూడోది పాత సామాన్ల కొట్టు. కొట్టావిడ కళ్లద్దాలు సర్దుకుని గ్లాసుల్ని ఒక్కొక్కటే తిరగేసింది.

“నాలుగు నోటితో ఊదినవి. అడుగున ఈ గరుకు మచ్చ చూడండి. ఐదోది అచ్చులో పోసింది. ఎవరో పాపం, రంగు కలిసేదాకా తిరిగి కొన్నారు.”

“నోరు జారకమ్మా. ఆరూ మా అత్తగారివే.”

“పక్కన వేలు పెట్టి చూడండి.”

కుట్టులాంటి సన్నటి గీత పెద్దావిడ వేలికి తగిలింది.

కాపురానికొచ్చిన నెలకే ఒకటి పగలగొట్టి, ముక్కల్ని కూరల తొక్కల కింద దాచింది తను. వారం తిరక్కుండా అలమరలో ఆరూ కనిపిస్తే, మొదట ఏడుండేవేమోనని సరిపెట్టుకుంది. అన్నీ తెలిసీ అత్తగారు పోయేదాకా ఆ ఊసే ఎత్తలేదు.

పొద్దుటినుంచి రగులుతున్న కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది.

“మొదటిది నేనే పగలగొట్టానే,” అంది కోడలితో. “పైగా దాచాను. నువ్వు ఎదురొచ్చి చెప్పావు. చెప్పినందుకే తిట్టాను.”

“నిన్న అన్న మాటలో?”

“అవి వెనక్కి రావు. నువ్వు మాత్రం వెళ్లకు. ఇంటికెళ్లగానే ఆ పెట్టె లోపల పెట్టు.”

కోడలు కొట్లోని అరల వెంట నడిచింది. తర్వాత పైఅరలోంచి ఒక ఆకుపచ్చ గ్లాసు తీసింది.

“ఇది నా గ్లాసు. వాటితో కలవదు. కలవకపోయినా ఇదే.”

“అదే ఇవ్వమ్మా,” అంది పెద్దావిడ కొట్టావిడతో, కళ్లు తుడుచుకుంటూ. తువాల్లో చుట్టేటప్పుడు దాన్ని గీత ఉన్న గ్లాసు పక్కనే పెట్టింది.