కరిగిస్తేనే ఎక్కువ

పొద్దున్నే సరసు పొయ్యి మీద రాగిసంగటి కెలుకుతుంటే, కొడుకు మణికండన్ సెల్‌ఫోన్ చూసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఈ రోజూ బంగారు ధర ఎక్కింది."

ధర్మపురి దగ్గర సోగత్తూరులోని ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ నగలేమీ లేవు. ఉన్నదల్లా సరసు మొగుడు ధర్మరాజ్ చేతి వాచీ. స్విస్ వాచీ, కేసూ పట్టీ రెండూ బంగారమే. ఏళ్ల తరబడి ఆయన దాన్ని పెట్టుకునే టమాటా తోటకు నీళ్లు కట్టాడు, సంతకు పోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. బంగారం ధర ఎగబాకినప్పటి నుంచే అందరి కళ్లూ ఆ మణికట్టు మీద పడ్డాయి. పొలం దగ్గర ఎవడైనా లాక్కుపోతాడని భయపెట్టి, సరసే దాన్ని విప్పించి బీరువాలో పెట్టింది.

"సేలంలో పాత వాచీలు కొనే ఆయనకు చూపించినాను," అన్నాడు మణికండన్. "ముందైతే వాచీగానే ఎక్కువ పలికేదంట. ఇప్పుడు ఈ మోడల్ పెట్టుకునేవాళ్లు లేరు, బంగారు చూస్తే ఆకాశంలో ఉంది. కరిగిస్తేనే ఎక్కువ వస్తుందన్నాడు."

వసారాలో కూర్చున్న ధర్మరాజ్ లేచి వచ్చాడు.

"చౌకగా ఉన్నన్నాళ్లూ నా వాచీ. ధర పెరిగినాక మీదైపోయిందా?"

"బోరు ఎండిపోయింది నాయనా, కొత్తది వేయించాల! వాచీ పెట్టుకుంటే తోటకు నీళ్లొస్తాయా?"

"వాడు చెప్పేదీ నిజమే కదా," అంది సరసు.

ధర్మరాజ్ భార్య వైపు చూశాడు. కోపం రాలేదు ఆయనకు. "సరే, పోదాం పదండి," అని చొక్కా తొడుక్కున్నాడు.

ధర్మపురి బజారులో నగల కొట్టాయన వాచీని గీటురాయి మీద రుద్ది, తూకం వేసి తల పంకించాడు.

"పట్టీ ముందు కత్తిరిస్తాం. లోపలి మిషన్ మాకు అక్కర్లేదు, మీరే తీసుకుపోండి."

"దానికేమీ రాదా?" అన్నాడు ధర్మరాజ్.

"రాదు సామీ. వెలంతా పైదానికే."

ధర్మరాజ్ ఆ పట్టీని వేలితో నిమిరి, భార్యతో మెల్లగా అన్నాడు: "గుణ కట్టినప్పుడు ఇది లూజుగా ఉండె. వాడే కూర్చుని రెండు ముక్కలు తీసి సరిచేసినాడు. జ్ఞాపకముందా?"

సరసు ఆ పట్టీ మీదికి వంగి చూసింది.

గుణశేఖరన్ ఆయన తమ్ముడు. సరసు కోడలిగా వచ్చేనాటికి తల్లి లేని చిన్నపిల్లాడు. అన్నం కలిపి పెట్టింది ఆమే, స్కూలుకు పంపింది ఆమే. పెద్దయ్యాక మస్కట్‌లో వాచీల షోరూములో పనికి చేరాడు. ఏళ్లపాటు కూడబెట్టి అన్నకు ఈ వాచీ తెచ్చాడు. తిరిగిపోయిన ఏడాదే అక్కడ కారు ప్రమాదంలో చనిపోయాడు. కడసారి చూపు కూడా దక్కలేదు. ఇంట్లో నెలరోజులుగా పొద్దస్తమానం ఈ వాచీ మాటే. అందులో ఒక్కసారైనా వాడి పేరు తన నోట రాలేదు.

కొట్టాయన కత్తెర అందుకున్నాడు. సరసు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. ఇచ్చేయండి."

"అమ్మా! రేపు ధర పడిపోతే?"

"పడిపోనీరా. పడిపోతే మీ నాయన నిమ్మళంగా పెట్టుకుని తిరుగుతాడు." ఆమె కళ్లు తుడుచుకుంది గానీ ఆగలేదు. నలుగురిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.

మణికండన్ బిత్తరపోయాడు. వాచీని తండ్రికే ఇచ్చి, తల్లిని పట్టుకుని బయటికి నడిపించాడు.

"ఈ ఏడు టమాటా వద్దురా," అన్నాడు ధర్మరాజ్ బస్టాండులో. "వానకు రాగులు చల్లుకుందాం. బోరు సంగతి తర్వాత చూస్తాం."

మణికండన్ తలూపాడు. బస్సు కదిలాక అమ్మ పక్కకు జరిగి కూర్చున్నాడు.

"చిన్నాయన ఎట్లుండేవాడమ్మా?"

సరసు కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ మాదిరే," అంది. "సంగటి పెడితే మూతి ముడుచుకునేవాడు."