ఒక్క అంగుళం కుంగిన ఫియట్

"ఇది కారా, రోడ్ రోలరా?"

కుముదిని శ్యామసుందర్‌తో అన్న మొదటి మాట అది. రైలు పట్టాలు దాటుతుంటే ఫియట్ ఎగిరిపడింది. వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్న తల్లి లలితాంబ నడుం పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడకి చాలాకాలంగా వెన్నునొప్పి. ఆస్పత్రికి నేను తీసుకెళ్తానని శ్యామసుందరే ముచ్చటపడి ఎక్కించుకున్నాడు.

రాయపూర్ దగ్గరి స్టీల్ ప్లాంట్ ఊళ్ళో, మరోదా కాలనీలో వాళ్ళది అతని పక్క క్వార్టరు. వీధిలో ఆడవాళ్ళందరినీ పిన్నిగారూ అని పిలిచే శ్యామసుందర్, లలితాంబని మాత్రం అత్తయ్యగారూ అనేవాడు. ఎందుకో ఆవిడ అడగలేదు. ఆడపిల్ల తల్లికి అడక్కుండానే తెలిసే సంగతులు కొన్నుంటాయి.

విజయనగరం నుంచి వచ్చి స్టీల్ ప్లాంట్‌లో ఇంజనీరుగా చేరాక అతను పాత ఫియట్ కొన్నాడు. కొన్న వారానికే ముందు చక్రాల స్ప్రింగులు కోయించి దాన్ని కిందికి దించాడు. నేలబారుగా దూసుకుపోయే కారంటే అతనికి మోజు.

ఆస్పత్రి దగ్గర కుముదిని నిలదీసింది. "ఎందుకు కోయించారు?"

"కిందికి ఉంటే మలుపులో ఒరగదండి. సెంటర్ ఆఫ్ గ్రావిటీ."

"అచ్ఛా. మరి మా అమ్మ నడుం?"

అతను వంగి ముందు చక్రం వైపు చూశాడు.

"వచ్చేటప్పుడు రిక్షాలో వచ్చేస్తాం, భయ్యా."

రైలు పట్టాల కుదుపు కంటే, తనని అన్నయ్యని చేసేసిన ఆ భయ్యా గట్టిగా తగిలింది. ఈ కారుని బాగుచేసుకోకపోతే ఆ పిల్ల తనకి దక్కదని ఆ రోజే అనుకున్నాడు.

కోసిన స్ప్రింగుకి కుంగే చోటు తక్కువ, అందుకే అది తంతుంది. అవి తీసేసి, కోయకముందున్న పొడవులోనే కొంచెం మెత్తని స్ప్రింగులు రాయపూర్‌లో చేయించాడు. బరువుకి అవే అంగుళం కుంగుతాయి. వెనక ఇరుసు దగ్గర దిమ్మలు పెట్టి అటూ అంతే దించాడు. ఊగిసలాట ఆగడానికి కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాడు.

ఆదివారాల్లో కుముదిని గోడ మీంచి చూసేది. తర్వాత గోడ ఇవతలికి వచ్చింది. పరీక్ష కూడా ఆమే పెట్టింది. మజ్జిగ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేది.

"ఒలికిందా?" అనేవాడు.

"నా చీర చూడండి, తెలుస్తుంది."

మళ్ళీ విప్పేవాడు, మళ్ళీ బిగించేవాడు. ఈలోగా భయ్యా అనడం ఎప్పుడు మానేసిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

ఒక సాయంత్రం నెహ్రూ నగర్ దాకా వెళ్ళారు. వాన మొదలైంది. గతుకులన్నీ దాటాక ఆమె గిన్నెలోకి చూసి, "ఒక్క చుక్క ఒలకలేదు" అంది.

శ్యామసుందర్‌కి ధైర్యం వచ్చింది. "ఇదంతా అత్తయ్యగారి నడుం కోసమే అనుకుంటున్నారా?"

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. అటే చూస్తూ అంది, "చీకటి పడుతోంది. నన్ను వదిలేయండి."

తన వెంట పడొద్దంటోందనుకున్నాడు అతను. కారు పక్కకి తీసి ఆపాడు. "సరేనండి."

"యహీఁ? ఇక్కడా?"

"మీరే అన్నారు కదా."

ఆమె అతన్ని ఒకసారి చూసి, గిన్నె తీసుకుని, గొడుగు విప్పుకుని దిగిపోయింది. రిక్షా ఎక్కింది. ఇల్లు చేరేదాకా అతను దూరంగా వెనకే వెళ్ళాడు. ఇంత మెత్తగా నడిచే కారు అతనికి ఆ రాత్రి ఏమీ సంతోషం ఇవ్వలేదు.

తర్వాత మాటల్లేవు. చివరికి లలితాంబే గోడ దగ్గరికి వచ్చింది.

"ఏటి బాబూ, వానలో మా పిల్లని నడిదారిలో దింపీసావట?"

"ఆవిడే వదిలేయమన్నారండి అత్తయ్యగారూ."

ఆవిడ నడుం నొప్పిని కూడా లెక్కచేయకుండా నవ్వింది. "అయ్యో నాయనా. అది ఇక్కడ పుట్టిన పిల్ల. ముఝే ఘర్ ఛోడ్ దో అని హిందీలో అనుకుని, తెలుగులో వదిలీమంది. ఇంటికాడ దించమని దాని గోల. దించడం వేరు, వదిలీడం వేరని దానికేటి తెలుసు?"

అతనికి తన బతుకు ఒక్క హిందీ మాటకి తలకిందులైందని అప్పుడు తెలిసింది.

మర్నాడు లలితాంబ ఆస్పత్రికి ఫియట్‌లోనే వెళ్తానంది. తిరిగి వస్తున్నప్పుడు రైలు పట్టాలు ఎప్పుడు దాటారో ఆవిడకి తెలియలేదు. వెనక సీట్లో కునుకు తీస్తోంది. ముందు కూర్చున్న కుముదిని ఎదర రోడ్డునే చూస్తోంది.

"అమ్మ చెప్పింది, ఆ మాటకి తెలుగులో రెండు మాటలట."

"అవునండి."

"నేను రెండూ ఒక్కటే అనుకున్నాను. అందుకే మీరు కారు ఆపేస్తే, మీకు నేనే వద్దేమో అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

ఆమె చేతిలోని కొంగు చివర మెలిపెట్టింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, ఎక్కడా తప్పు రాకుండా అంది: "నన్ను ఇంటి దగ్గర దించండి. కానీ వదలకండి."

అతనికి కళ్ళు మసకబారి రోడ్డు కనబడలేదు. కారు నెమ్మదించింది.

వెనక సీట్లోంచి లలితాంబ కళ్ళు తెరవకుండానే అంది, "చెప్పింది కదేటి బాబూ. నడుపు మరి."