తుమ్మే ఉద్యోగం

చెవిబిళ్ళలోంచి "రైల్వే వీధి, భాస్కరం మాస్టారు, చిన్న పట్టు" అని వినపడగానే కోటేశ్వరి కూరగాయల సంచి గోడవారన పెట్టి, కొంగు చాటున చిటికెడు ముక్కుపొడి పీల్చింది. మాస్టారు అప్పుడే స్కూటరు గేటు దాటిస్తున్నారు. హెల్మెట్టు ఎప్పటిలాగే అద్దానికి వేలాడుతోంది. కోటేశ్వరి ఒకే ఒక్క తుమ్ము తుమ్మింది. రెండోది వస్తే పని చెడుతుంది కనుక ముక్కు గట్టిగా పట్టుకుంది.

మాస్టారు ఆమెను ఉరిమి చూసి, స్కూటరు వెనక్కి నెట్టుకుపోయి అరుగు మీద కూలబడ్డారు. మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేకేశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి.

"పొద్దున్నే తగిలావు గదమ్మా," అన్నారు.

"జలుబు మాస్టారూ, ఏం చెయ్యమంటారు," అంది కోటేశ్వరి.

వీధి చివర నీళ్ళ ట్యాంకరు ఒకటి ఎవరికీ హారన్ కొట్టకుండా విసురుగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది. చెవిబిళ్ళ "ముడి వీడింది" అంది. మాస్టారు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, కోటేశ్వరి మీద సణుక్కుంటూ క్షేమంగా బయల్దేరారు.

రేగుమల్లి ఊరికి రోడ్డు భద్రత ఇలా వచ్చింది. అంతకుముందు ఊరివాళ్ళను దారిలో పెట్టడానికి ప్రభుత్వం చెయ్యని ప్రయత్నం లేదు. ఎర్ర దీపం పెడితే, పక్కన పోలీసు లేనప్పుడు అది ఎందుకు వెలుగుతోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. జరిమానాలు వేస్తే నంబరు పలకలకు బురద పూశారు. స్పీడు బ్రేకర్లు వేస్తే వాటి పక్కనుంచి, కాలవ గట్టు మీదుగా కొత్త దారి వేసుకున్నారు. ఆఖరుకు ముందుచూపు యంత్రాన్ని తెచ్చారు. ఊళ్ళో కదిలే ప్రతి మనిషినీ, ప్రతి బండినీ అది ఒక దారంగా చూస్తుంది. ఏ రెండు దారాలు ఎక్కడ ముడిపడి ప్రమాదం జరగబోతోందో ముందే చెబుతుంది. చెప్పి ఏం లాభం? ఫోనుకు హెచ్చరిక పంపితే, దాన్ని చదవడానికి జనం బండి నడుపుతూనే ఫోను తీసేవాళ్ళు. అప్పుడెవరో పుణ్యాత్ముడు గమనించాడు, ఎర్ర దీపానికి ఆగని మనిషి ఒంటితుమ్ముకు ఆగుతున్నాడని. బయల్దేరేవాణ్ణి "ఎక్కడికి?" అని అడిగితే చెప్పులు విప్పి లోపలికి పోయి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని గానీ మళ్ళీ కదలడం లేదని. ముడి విడిపోవడానికి ఆ కాసేపు చాలు. మునిసిపాలిటీలో ఆపరుల ఉద్యోగాలు అలా పుట్టాయి. తుమ్మితే చిన్న పట్టు. ఎక్కడికని అడిగితే పెద్ద పట్టు. ముక్కుపొడి ఆఫీసువాళ్ళే ఇస్తారు.

ఆపరి ఎవరన్నది బయటపడకూడదు. పడితే అది శకునం కాదు, సర్కారు పని అయిపోతుంది. సర్కారు చెబితే ఆగే అలవాటు ఊరికి లేదని తెలిసిందే. అందుకని ఊరంతా కలిసి కోటేశ్వరిని నడిచే అపశకునం కింద జమకట్టింది. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. ఆమె ఉక్రోషపడేది, ఇంటికి పోయి ఏడ్చేది, మర్నాడు మళ్ళీ వచ్చి తుమ్మేది. ఊళ్ళో రోడ్డు మీద చావులు నిలిచిపోయాయన్న సంగతి ఆమెకు కొండంత ధైర్యం. తిట్టినవాడు బతికే ఉన్నాడుగా, అంతకంటే ఏం కావాలి అనుకునేది.

ఆమెను తిట్టని మనిషి ఒక్కతే ఉంది, సామ్రాజ్యం. క్వారీ పనివాళ్ళకు మధ్యాహ్నం భోజనం క్యారియర్లు మోపెడ్ మీద మోసుకుపోతుంది. పోయిన వేసవిలో ఒకరోజు కోటేశ్వరి ఆమెను ఎక్కడికని అడిగింది. సామ్రాజ్యం నవ్వుకుంటూ లోపలికి పోయి, కూర్చుని, మళ్ళీ బయల్దేరింది. గుట్ట మలుపుకు ఇవతల క్వారీ రోడ్డు దాటుతుండగా డ్రైవర్ లేని టిప్పరు ఒకటి ఆమెను చూసి బ్రేకు వేసింది. దాని మీంచి నాపరాయి జారి ఆమె కాలి మీద పడింది. మంచాన పడ్డ సామ్రాజ్యం వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది.

"మా కోటి ఆపబట్టి కాలుతో పోయింది. లేకపోతే మనిషినే పోయేదాన్ని."

ఆ మాట విన్నప్పుడల్లా కోటేశ్వరికి కళ్ళు చెమర్చేవి. రోజూ సాయంత్రం వెళ్ళి ఆ కాలికి నూనె రాసేది. రాస్తూ రాస్తూ ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. కాలు నయమై, సామ్రాజ్యం మళ్ళీ మోపెడ్ ఎక్కే రోజు ఇవాళే.

ఎండ బాగా ఎక్కాక, ముక్కుపొడి అయిపోతే కోటేశ్వరి ఆఫీసుకు వెళ్ళింది. సూపర్వైజరు పున్నారావు బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. పన్ను పోటుకు బుగ్గ బూరెలా పొంగింది. ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించినవాడు, ఒంటితుమ్ము తుమ్మడం ఓపిగ్గా నేర్పినవాడు ఆయనే.

"కోటీ, కాసేపు బోర్డు ముందు కూచోమ్మా. కింద డాక్టరు దగ్గర పన్ను చూపిచ్చుకొస్తా. దేన్నీ ముట్టుకోమాక," అని దిగిపోయాడు.

ఆపరులకు పేరూ, పట్టూ తప్ప ఇంకేమీ చెప్పరు. బోర్డును దగ్గరగా చూడటం ఆమెకు అదే మొదలు. ఊరు నల్లగా ఉంది. దారాలు పచ్చగా పాకుతున్నాయి. దేని మీద వేలుపెట్టి చూపినా పేరు పలుకుతోంది. ఆమె ఆత్రంగా సామ్రాజ్యం దారం వెతికింది. అది ఇంటి నుంచి క్వారీ దాకా తిన్నగా ఉంది, ఎక్కడా ముడి లేదు. కోటేశ్వరి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

గుట్ట మలుపుకు అవతల మాత్రం ఒక ముడి ఎర్రగా మండుతోంది. రాళ్ళ టిప్పరు ఒకటి, కారు ఒకటి. కారు క్వారీ యజమానిది. దాని దారం పక్కన "పట్టు లేని బండి" అని తెల్లటి గుర్తు ఉంది. ఆమె చూస్తుండగానే యంత్రం ఆ ముడి విప్పడానికి చుట్టుపక్కల దారాలను ఒక్కొక్కటిగా లాగి చూడటం మొదలుపెట్టింది. కొన్నిటిని లాగి వదిలేసింది. ఆఖరుకు సామ్రాజ్యం దారం పట్టుకుని వెనక్కి జరిపింది. జరపగానే ఆ దారం మలుపుకు ఇవతల, సరిగ్గా టిప్పరు ముందుకు వచ్చింది. టిప్పరు నెమ్మదించింది. మలుపు అవతలి ఎర్ర ముడి మాయమైంది. సామ్రాజ్యం దారం మీద చిన్న పసుపు చుక్క మిగిలింది.

"క్యారియర్ల వీధి, సామ్రాజ్యం, పెద్ద పట్టు. బయల్దేరబోతోంది," అంది చెవిబిళ్ళ.

కోటేశ్వరి బోర్డు మీదకు వంగింది. మలుపుకు ఇవతల పాత పసుపు చుక్కలు ఇంకా ఉన్నాయి, ఒకచోటే గుంపుగా. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ వింది. చెయ్యి విరిగిన దర్జీ, భుజం జారిన పాలాయన, కాలు విరిగిన సామ్రాజ్యం. అందరూ క్వారీ రోడ్డు దాటేవాళ్ళే. అందరూ తను ఆపినవాళ్ళే. ప్రాణం దక్కింది, అదే పదివేలు అని వాళ్ళందరినీ తనే ఓదార్చింది కూడా.

పున్నారావు బుగ్గలో దూది పెట్టుకుని వచ్చాడు.

"ఏందన్నా ఇది? సామ్రాజ్యం దారానికి ముడే లేదు. ఎందుకాపమంటంది?"

ఆయన బోర్డు కేసి ఓసారి చూసి, కుర్చీ లాక్కున్నాడు. "టిప్పర్లు క్వారీ మాట తప్ప మన మాట ఇనవు గదా. ఎదర ఏదన్నా కనపడితేనే బ్రేకు ఏస్తయ్యి. మలుపు అవతల కారు వాటికి కనపడదు. ముందుగానే ఏదో ఒకటి అడ్డమొస్తే..."

"ఏదో ఒకటా?"

"లెక్క ప్రకారం ఆమెకు గీత కూడా పడదు. పోయినసారి రాయి జారింది. ఈసారి బండికీ ఆమెకీ మధ్య దూరం పెంచారు."

"అయితే పోయినసారి కూడా ఇదేనా?"

ఆయన బుగ్గ నిమురుకున్నాడు.

"కారాయనకు ఫోన్ చేసి కాసేపు ఆగమంటే సరిపోద్ది గదన్నా."

"ఆయన టైము ముట్టుకోవద్దని కౌన్సిల్లో తీర్మానం చేయించుకున్నాడు. మనం చిన్నవాళ్ళం కోటీ. చావులు ఆగినయ్యా లేదా, అది చూడు."

కోటేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఊరు ఇన్నాళ్ళూ తనను అపశకునమంది. అది అబద్ధమని తనొక్కతికే తెలుసుననుకుని, ఆ గర్వంతో బతికింది. తీరా చూస్తే ఊరే నిజం చెప్పింది. తను ఎదురైనవాళ్ళకు నిజంగానే కీడు జరిగింది. తనకు అబద్ధం చెప్పినవాడు అన్న అని నోరారా పిలిచిన మనిషి.

"నేను దాన్ని ఆపను," అంది లేచి.

"నువ్వు కాకపోతే ఆ వీధిలో ఇంకొకరున్నారు. వాళ్ళు ఆపుతారు."

"ఎవరాపినా ఆగకుండా చేస్తా. కారు సంగతి నువ్వు చూసుకో. ఫోను నీ పక్కనే ఉంది."

పున్నారావు వెనకనుంచి పేరు పెట్టి పిలిచాడు. ఆమె ఆగలేదు. క్యారియర్ల వీధి రెండు సందుల అవతలే.

సామ్రాజ్యం క్యారియర్లు మోపెడ్‌కు కట్టేసి, స్టాండు తీసింది. వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయన పెట్టె పక్కకు పెట్టి, ముఖం నిండా నవ్వుతో అడిగాడు.

"ఎక్కడికి సామ్రాజ్యం, చాన్నాళ్ళకి?"

"నీ నోరు పడిపోను, ఇయ్యాళే అడగాల్నా," అంటూ సామ్రాజ్యం స్టాండు వేసి లోపలికి తిరిగింది.

"కూర్చోమాక," అంది కోటేశ్వరి ఆయాసపడుతూ. ఇస్త్రీ ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. "వాడు శకునం కాదు. వాడూ నేనూ ఒకే ఆఫీసు. అడగమంటే అడుగుతాం, తుమ్మమంటే తుమ్ముతాం."

గేటు పట్టుకుని నిలబడే అంతా చెప్పింది. ముక్కుపొడి సంగతి, దారాల సంగతి, టిప్పరుకు బ్రేకు పడటానికి మోపెడ్‌ను అడ్డం వేసే సంగతి. పోయిన వేసవిలో తను ఎక్కడికని అడగబట్టే ఆ కాలు విరిగిందన్న సంగతి మాత్రం రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. ఇదంతా చెప్పడానికి పెద్ద పట్టు కంటే ఎక్కువసేపే పట్టింది. ఆ లోపల క్వారీ రోడ్డు మీద టిప్పరు ఎవరూ అడ్డం లేకుండా గడగడమంటూ దిగిపోవడం ఇద్దరికీ వినపడింది.

సామ్రాజ్యం అరవలేదు. అది అరిచే మనిషి కనుక కోటేశ్వరికి మరీ భయమేసింది.

"కాలికి నూనె రాశావే రోజూ. అది కూడా ఆఫీసు పనేనా?"

"కాదు. ఒట్టు."

"నాకెట్టా తెలవాల?"

అప్పుడే కోటేశ్వరి చెవిబిళ్ళలోంచి పున్నారావు గొంతు వినపడింది, దూది అడ్డంపడి ముద్దగా.

"ఏమంటన్నాడు?" అంది సామ్రాజ్యం.

దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. "కారాయనకు ఫోన్ చేశాడంట. రాళ్ళ బండి వస్తంది, కాసేపాగండి అన్నాడంట. సరేలే, టీ తాగి వస్తానన్నాడంట ఆయన."

"అంతేనా?"

"అంతే."

సామ్రాజ్యం విరిగి అతికిన కాలు కేసి చూసుకుంది. ఒక్క టీ ఖరీదు కూడా చెయ్యని కాలు అది. మోపెడ్ మీంచి క్యారియర్లు విప్పి, ఇస్త్రీ ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇయ్యి క్వారీకి నువ్వు మోసకపో. ఆకలి మీదుంటారు," అంది. బండి స్టార్ట్ చేసి గుట్ట వైపు తిప్పింది. కోటేశ్వరి వెనక పరిగెత్తింది.

క్వారీ రోడ్డు మీద, మలుపుకు చాలా ఇవతల, దూరం నుంచి కూడా బాగా కనపడే చోట సామ్రాజ్యం మోపెడ్‌ను రోడ్డుకు అడ్డంగా నిలిపి స్టాండు వేసింది. సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, బాగుపడిన కాలు ముందుకు చాపుకుంది. పైనుంచి దిగుతున్న టిప్పరు ఆమెను చూసి బ్రేకు వేసి, ఎంతో దూరంలోనే నిలబడిపోయింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మరొకటి. కింది నుంచి టీ తాగి వచ్చిన కారు కూడా ఆగి హారన్ కొట్టింది. సామ్రాజ్యం అటు తిరిగి చూడలేదు.

చెవిబిళ్ళ ఊపిరాడకుండా మాట్లాడుతోంది. టిప్పర్లు ఆగడంతో ఊళ్ళో దారాలన్నీ జరిగిపోయాయి. ఎవరెవరి పేర్లో, చిన్న పట్టులో పెద్ద పట్టులో, ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్నాయి. వాటి మధ్యలో పున్నారావు కోటేశ్వరిని బతిమాలుతున్నాడు.

"ఏమంటన్నాడు మీవాడు?" అని అడిగింది సామ్రాజ్యం రోడ్డు మధ్యలోంచి.

"నిన్ను అక్కణ్ణించి లేపమంటన్నాడు."

"నువ్వేమంటన్నావు?"

కోటేశ్వరి చెవిబిళ్ళ పీకి, పక్కన కంపలోకి విసిరేసింది. పరుగులో చెప్పులు ఊడిపోయిన కాళ్ళతో, కాలుతున్న రోడ్డు మీదకు దిగి ఆమె వైపు నడిచింది. సామ్రాజ్యం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే ఉండు కోటీ. నువ్వొచ్చి పక్కన కూచుంటే, నిన్నెవరు కూచోబెట్టారా అని ఆలోచించాల్సొచ్చిద్ది."